ఏ పోగు తెగిందో చూసి దుకాణానికి పోండి

ఈ రెండు నెలల్లో మన గల్లీలో నన్ను ఆపి నలుగురైదుగురు ఒకటే మాట అడిగారు. "అన్నా, ఫోన్ ఖరాబైంది, కొత్తది తీస్కోవాల్నా?" అందుకే ఈసారి ఫోన్ గురించే రాస్తున్న. ఏ కంపెనీది మంచిది, ఏది చౌక అనే ముచ్చట కాదు. ఫోన్‌లో ఏ భాగం ఏం పని చేస్తుంది, ఏది పోతే మనకు ఎట్ల తెలుస్తుంది అన్నదే రాస్తున్న. ఇంత తెలిస్తే దుకాణంలో మనం నోరు తెరిచి అడగొచ్చు.

సాంచె ఆగితే జాబర్ వచ్చి ముందు ఏం చూస్తాడు? పడుగు తెగిందా, కండె అయిపోయిందా, పట్టా జారిందా, మోటారు పోయిందా అని ఒక్కొక్కటే చూస్తాడు. "సాంచె పోయింది, కొత్తది తెప్పించండి" అన్న జాబర్‌ను నేను ఇన్నేళ్లల్లో చూడలేదు. ఫోన్ కూడా భాగాలు కలిపి చేసిన యంత్రమే. తెర వేరు, బ్యాటరీ వేరు, చార్జింగు పెట్టే రంధ్రం వేరు, సిగ్నల్ పట్టే యాంటెన్నా వేరు. వీటన్నిటినీ నడిపే బోర్డు వేరు. బోర్డు పోతే ఖర్చు నిజంగానే ఎక్కువ. కాని మన ఇళ్లకు వచ్చే తకరార్లల్లో ఎక్కువ మటుకు తెరవి, చార్జింగువి, సిగ్నల్‌వి.

ముందు తెర సంగతి. అది ఒక్క అద్దం కాదు, మూడు పొరలు. పైన గట్టి అద్దం, దాని కింద వేలు తగిలితే తెలుసుకునే టచ్ పొర, దాని కింద బొమ్మ చూపే డిస్‌ప్లే. ఇప్పటి ఫోన్లల్లో ఈ మూడింటినీ అతికించి ఒక్కటే చేస్తున్నారు. దుకాణాల్లో దాన్ని కాంబో అనో ఫోల్డర్ అనో అంటారు. అందుకే అద్దం పగిలినా మొత్తం మార్చాలంటారు. వీటి మీద మనం విడిగా అంటించుకునే టెంపర్డ్ గ్లాసు ఒకటి ఉంటుంది. ఫోన్ కింద పడి గీతలు పడితే ముందు అంచు దగ్గర గోరు పెట్టి చూడండి. పగిలింది ఆ అంటించిన గ్లాసు ఒక్కటే అయితే అది మార్చుకుంటే సరిపోతుంది, కాంబో అక్కర లేదు.

డిస్‌ప్లే ఎట్ల పని చేస్తుందో మన నేతపని వాళ్లకు చెప్పడం సులువు. దగ్గరికి పెట్టి చూస్తే అది బట్టే. నిలువున పడుగు, అడ్డంగా పేక ఉన్నట్టు, సన్నటి తీగెలు నిలువునా అడ్డంగా ఉంటాయి. రెండు తీగెలు కలిసిన చోట ఒక చుక్క. దాన్నే పిక్సెల్ అంటారు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఉంటాయి. ఈ మూడింటినీ ఎక్కువ తక్కువ చేస్తేనే మనం చూసే రంగులన్నీ వస్తాయి. ఫోన్ డబ్బా మీద 720, 1600 అని రాసి ఉంటే, అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 1600 చుక్కలు అని అర్థం. మొత్తం 11 లక్షల 52 వేల చుక్కలు. ఆరున్నర అంగుళాల తెర అయితే అంగుళానికి సుమారు 270 పడతాయి. 1080, 2400 అని ఉంటే అంగుళానికి 400 దాటుతాయి. అంగుళానికి పోగులు ఎక్కువ ఉంటే గుడ్డ నున్నగా ఉన్నట్టు, చుక్కలు ఎక్కువుంటే బొమ్మ నున్నగా ఉంటుంది. కాని పింఛను మెసేజీ చదవడానికి, మనవరాలితో వీడియోలో మాట్లాడడానికి 720 తెర బాగా సరిపోతుంది.

తెర మీద నిలువుగా ఒక గీత పడిందంటే అక్కడి తీగెకు కరెంటు అందడం లేదని అర్థం. బట్టలో ఒక పడుగు పోగు తెగితే పొడుగూతా కనపడ్డట్టే. బట్ట మీద అయితే పోగు అతుకుతాం. తెరలో అది కుదరదు, డిస్‌ప్లే మార్చాల్సిందే. అయినా అది తెర జబ్బే, ఫోన్ జబ్బు కాదు.

తెరల్లో రెండు రకాలు ఉన్నాయి. ఎల్‌సీడీ అయితే దానికి సొంత వెలుగు ఉండదు, వెనకాల ఒక దీపపు పలక ఉంటుంది. అమోలెడ్ అయితే ఏ చుక్కకు ఆ చుక్కే వెలుగుతుంది. ఈ తేడా ఎందుకు తెలియాలో మా వరుసలో వదినె సంగతి చెప్తాను.

వదినె బీడీలు చేస్తుంది. అన్న పోయినాక గిర్నీ పింఛను వస్తుంది, నెలకు 1000 రూపాయలు. 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను అని పెట్టింది అదే. ఆమె ఫోన్ చేతిలోంచి జారి తెర నల్లబడ్డది. ఒక దుకాణంలో చూపిస్తే "బోర్డు పోయింది అవ్వా, ఇది చచ్చిన ఫోను, 7500కు కొత్తది ఇస్త" అన్నారంట. ఏడున్నర నెలల పింఛను అది! పైగా ఆ నెలలోనే జీవన్ ప్రమాణ్ చేయాలి. ఆకు కోసి, చుట్టి వేలి గీతలు అరిగిపోయి మిషన్ మీద ఆమె వేలు పడదు. పోయిన ఏడు ఆ ఫోన్‌లోనే ముఖం చూపించి చేశారు. ఏడాది దాటితే పింఛను ఆగుతుంది.

నేను ఆమె నంబరుకు ఫోన్ చేసిన. ఆమె చేతిలోనే రింగు మోగింది. రింగు వచ్చిందంటే బోర్డు బతికే ఉంది, బ్యాటరీ ఉంది, సిగ్నల్ కూడా ఉంది. తర్వాత చీకట్లో ఆ తెర మీద పక్కనుంచి టార్చి వేసి చూస్తే సన్నగా గడియారం అంకెలు కనపడ్డాయి. అంటే చుక్కలు కూడా పని చేస్తున్నాయి, పోయింది వెనక దీపం. ఇంకో దుకాణంలో "రింగు వస్తున్నది, టార్చి వేస్తే బొమ్మ కనపడుతున్నది" అని చెప్పి ఇచ్చినం. ఆ పిలగాడు మారు మాట్లాడకుండా తెర మార్చి 1400 తీసుకున్నాడు. ఆమెకు అది కూడా తక్కువ డబ్బు కాదు. అయినా 7500 కాదు కద. పింఛను ఆగలేదు.

టార్చి పరీక్ష ఎల్‌సీడీకే పనికొస్తుంది. రింగు పరీక్ష ఏ ఫోన్‌కైనా చేయొచ్చు.

ఇక టచ్. మన ఒంట్లో ఉన్న కొద్దిపాటి విద్యుత్తు గుణాన్ని బట్టి వేలు ఎక్కడ ఆనిందో ఆ పొర పసిగడుతుంది. తెర తడిగా ఉంటే అందుకే తికమక పడుతుంది. మగ్గం మీద, బీడీల మీద కాయలు కాసిన ఎండు వేళ్లను కూడా ఒక్కోసారి పట్టదు. "నేను నొక్కితే పోతలేదు, పిల్లలు నొక్కితే పోతున్నది" అని చాలామంది అంటారు. అప్పుడు ఫోన్‌కు ఏమీ కాలేదు. వేలిని కొంచెం తడి బట్టకు అద్ది, ఆరీ ఆరకముందు నొక్కండి. నిజంగా టచ్ పోయిందా అని చూడాలంటే ఒక బొమ్మను వేలితో పట్టి తెరంతా లాగండి. ప్రతిసారీ ఒకే చోట జారిపోతుంటే అక్కడ పోయినట్టు.

చార్జింగు ఎక్కకపోతే ముందు వేరే వైరు, వేరే చార్జరు పెట్టి చూడండి. అప్పటికీ ఎక్కకపోతే రంధ్రంలోకి చూడండి. కార్ఖానాకు పోయేవాళ్ల జేబు నిండా దూది ధూళే. అది రంధ్రంలో చేరి గట్టిపడితే పిన్ను లోపలిదాకా పోదు. ఫోన్ బంద్ చేసి, పండ్లు కుట్టుకునే చెక్కపుల్లతో మెల్లగా తీయండి. సూది, పిన్నీసు మాత్రం పెట్టొద్దు, లోపల ఇనుము తగిలితే షార్టవుతుంది. ఫోన్ వెనక భాగం ఉబ్బి లేచిందంటే అది బ్యాటరీ. ఆ రోజు నుంచి చార్జింగు పెట్టొద్దు, నొక్కొద్దు, పొడవొద్దు. మంటలు లేవొచ్చు. నేరుగా మార్పించండి.

చివరికి సిగ్నల్. ఫోన్ గాలిలోని తరంగాల మీద నడుస్తుంది. 900 మెగాహెర్ట్జ్ లాంటి కింది తరంగాలు గోడలు దాటి దూరం పోతాయి. 5జీలో వాడే 3500 దగ్గరి తరంగాలు ఎక్కువ సమాచారం మోస్తాయి గాని గోడలు దాటడం కష్టం. ఇనుప రేకులు ఏ తరంగాన్నైనా వెనక్కి కొడతాయి. రేకుల ఇంట్లో, రేకుల షెడ్డులో గీతలు పడిపోయేది అందుకే. కిటికీ దగ్గరికి, వాకిట్లోకి వచ్చి చూడండి. బయట బాగుంటే ఫోన్ బాగున్నట్టే.

ఇంకో సంగతి. జియో నడిచేది 4జీ, 5జీ మీదనే, దానికి 2జీ లేదు. పాత 2జీ బటన్ల ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే మోగదు. అది ఫోన్ తప్పూ కాదు, సిమ్ తప్పూ కాదు. బ్యాంకు ఓటీపీ మెసేజీకి నెట్టు అక్కర లేదు, సిమ్‌కు సిగ్నల్ కావాలి. పక్కింటి వైఫై మీద వీడియో నడుస్తున్నా సిమ్‌కు సిగ్నల్ లేకపోతే ఆ మెసేజీ రాకపోవచ్చు.

దుకాణపు పిల్లలందరూ మోసగాళ్లని నేననను. వాళ్లదీ చేతిపనే. అయితే మనం "ఖరాబైంది" అని ఫోన్ చేతిలో పెట్టి ఊరుకుంటే, మొత్తం మార్చడమే వాళ్లకు సులువు. అందుకని ఏం జరిగింది, ఏది పని చేస్తున్నది, ఏది చేయడం లేదు అని చెప్పి ఇవ్వండి. ఏ భాగం మారుస్తారు, ఎంత, ఎన్ని రోజుల గ్యారంటీ అని అడగండి. తీసిన పాత భాగం తిరిగి ఇవ్వమనండి. ఫోన్ పని చేస్తుంటే ఇచ్చే ముందు *#06# నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దాన్ని రేషన్ కార్డు వెనక రాసి పెట్టుకోండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదుకు, సంచార్ సాథీలో ఆ ఫోన్‌ను బంద్ చేయించడానికి ఆ నంబరే కావాలి.

వచ్చే నెల సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు చూడాల్సినవి రాస్తాను. అడగాల్సినవి ఉంటే ముందే చెప్పండి.