గృహపాలనము: నీట తడిసిన తివాచి

క్రిందటి మాసమున ఇత్తడిపాత్రల కిలుమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము తివాచిని గూర్చి వ్రాయుచున్నాము. వానకాలమున ఈ ముచ్చట అవసరమని కొందరు సోదరీమణులు మమ్ము కోరిరి. మిద్దెమీది తొట్టి పొంగుట, గోడలోని గొట్టము చిట్లుట, మంచినీటి ఫిల్టరునకు తగిలించిన సన్నని నాళము రాత్రివేళ ఊడిపోవుట ఏ యింటనైనను జరుగునవే. నేల తడిసినచో తుడిచికొనవచ్చును. తివాచి తడిసినపుడే ఇల్లాలికి ఏమి చేయుటకును తోచదు.

కావ్యములు చదువుకొన్నవారికి రత్నకంబళమను మాట క్రొత్తది కాదు. మన తెలుగునాట ఏలూరు ఉన్ని తివాచీలు చిరకాలముగా పేరుగన్నవి. ఓరుగల్లు జంపఖానాలకు 2018వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. చేతితో ముడులువేసి నేసిన తివాచి ఒక్కొక్కటి నేతగాండ్ర నెలల శ్రమ. పుట్టింటివారు పెట్టినదో, పెద్దలు విడిచిపోయినదో అయినచో దాని వెల సొమ్ములలో లెక్కించుటకు వీలుపడదు. అట్టిదానిని ఒక రాత్రి నీటికి పోగొట్టుకొననక్కరలేదు. కాని త్వరపడవలయును.

మొట్టమొదట చేయవలసిన పని తివాచిని చూచుట కాదు. నీరు గోడలోని విద్యుత్తు ప్లగ్గులదాకనో, నేలమీది తీగలదాకనో ప్రాకినదేమో దూరమునుండియే చూడవలయును. అట్లున్నచో తడినేలపై అడుగిడక, మెయిన్ స్విచ్చి పొడినేలనుండి అందునట్లున్న దానిని ఆపవలయును. అందనిచో పనివానిని పిలువవలయును. తరువాత నీరు వచ్చు త్రోవను కట్టివేయవలయును. తొట్టినుండి దిగు గొట్టమునకు తిరుగుడుపిడి ఎక్కడ నున్నదో ఇంటిలోని స్త్రీలందరును, ఎదిగిన పిల్లలును ముందుగనే ఎరిగియుండుట మేలు.

రెండవది, వచ్చిన నీరు ఎట్టిదో తెలిసికొనుట. మంచినీటి గొట్టమునుండియో తొట్టినుండియో వచ్చినచో తివాచిని కాపాడుకొనవచ్చును. బట్టలుతుకు యంత్రమునుండి వచ్చిన మురికినీరైనచో పూర్తిగా ఉతికిననే గాని వాడరాదు. మరుగుదొడ్డి కాలువ పొంగి వచ్చిన నీరైనచో మమకారము విడిచి తివాచిని పారవేయుటయే యుక్తము. పసిపిల్లలు ప్రాకెడు చోట అట్టిదానిని మరల పరచుట కూడదు. దానిని తీయువారు చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనవలయును.

ఇక తడిసినదానిపై నున్న బల్లలను, కుర్చీలను తొలగింపుడు. కొయ్యకాళ్ల రంగు, ఇనుపమేకుల త్రుప్పు తడి ఉన్నికి అంటినచో వదలుట కష్టము. పొడి తువ్వాళ్లు పరచి చేతులతోను, పాదములతోను అదిమి నీటిని పీల్పవలయును. రుద్దరాదు. రుద్దినచో ఉన్ని ముద్దకట్టును. తువ్వాలు తడియుటకొలది క్రొత్తది మార్చుచుండవలయును. తడిని పీల్చుటకని ప్రత్యేకముగా చేసిన వాక్యూం క్లీనరు ఉన్నచో వాడవచ్చును. దుమ్ము దులుపు మామూలు యంత్రమును తడిపై నడపినచో విద్యుద్ఘాతము కలుగవచ్చును.

తడిసిన తివాచిని ఇల్లాలొక్కతెయే ఎత్తబూనరాదు. పొడిగా నున్నపుడు ఇరువది కిలోలుండునది తడిసినపుడు అంతకు రెట్టింపైనను కావచ్చును. మగవారిని, ఇరుగుపొరుగువారిని పిలిచి, చుట్టచుట్టి, అడుగున చేతులు పెట్టి మోయింపుడు. ఒక్క అంచును పట్టి ఈడ్చినచో పడుగుదారములు తెగును.

ఇంత త్వరయేల యని అడుగుదురేమో! ఉన్నికి ఒక గుణము కలదు. అది తన బరువులో మూడవవంతునకు దగ్గరగా తేమను పీల్చుకొనియు చేతికి అంత తడిగా తోచదు. పైభాగము ఆరినట్లుండగనే అడుగున నున్న నూలుపడుగు నీరోడుచుండును. తడి నిలిచినచోట 24 మొదలు 48 గంటలలోపలనే బూజు పుట్టుటకు మొదలిడును. నూలు నానినకొలది కుళ్లును. కుళ్లిన తివాచి చూపులకు బాగుగనే యుండి, మడిచినపుడు చిటచిటలాడుచు చిరుగును.

మా వీధిలో ఒక యింట జరిగినది చెప్పెదము. అత్తగారు పెద్దకుమారుని యింటికి వెళ్లియుండగా వంటింటి గోడలోని గొట్టము చిట్లి, నీరు హాలులోని తివాచి చివరను తడిపెను. అది అత్తగారి పుట్టింటి తివాచి. కోడలి తప్పు ఇసుమంతయు లేదు. అయినను ఆ పిల్ల భయపడి, పైతడిని తుడిచి, ఆ చివరపై సోఫాను జరిపి, ఎవ్వరితోను చెప్పక ఊరకుండెను. మూడు వారములకు అత్తగారు తిరిగివచ్చిరి. గదిలోని వాసనకు సోఫా తీయించి చూడగా అడుగంతయు నల్లని బూజు. అంచు మడువగా దారములు తెగిపోయెను. ఆ సమయమున మే మక్కడనే యుంటిమి.

"నాతో ఏల చెప్పలేదమ్మా?" అని ఆమె అడిగిరి.

"మీరు కోపింతురని, అత్తయ్యగారూ" అని ఆ పిల్ల కన్నీరు పెట్టుకొనెను.

ఆమె చాలసేపు మాటాడలేదు. పిమ్మట మావైపు తిరిగి, "తివాచి పోయినది పోనిండమ్మా. మూడు వారములు ఈ పిల్ల నాకు భయపడుచు దానిపై నడచినదా!" అనిరి. ఆ కుళ్లిన చివరను కత్తిరించి అంచు కుట్టించి, మిగిలినదానిని నేటికిని వారు పరచుచున్నారు.

నష్టము చెప్పినవారిని కోపించు నింట నష్టములు దాగును; దాగినవి పెరుగును. పాలు ఒలికినను, గాజు పగిలినను, తివాచి తడిసినను పరుగున వచ్చి చెప్పు ధైర్యము కోడండ్రకు, పనివారికి, పిల్లలకు పెద్దలే ఈయవలయును. మొదటిరోజుననే తెలిసియున్నచో ఆ తివాచికి పది తువ్వాళ్లును ఒక పంకాయు చాలియుండెడివి.

ఇక ఉదుకుట. మనుస్మృతి ఐదవ యధ్యాయమున వస్తువులను శుద్ధిచేయు విధములు చెప్పబడినవి. అందు పట్టును, ఉన్నిని చవుటిమన్నుతోను, కుతపములను కంబళములను అరిష్టకములతోను, అనగా కుంకుడుకాయలతోను శుద్ధిచేయవలెనని కలదు. ఈ రెంటిలో మేము కుంకుడుకాయనే గైకొందుము. చవుటిమంట క్షారముండును. ఉన్ని మన తలవెండ్రుకవలె మాంసకృత్తులతో నైనది. క్షారము దానిని బలహీనపరచును. ఈ కారణముననే చాకలిసోడాయు, ఘాటైన బట్టలపొడియు, బ్లీచింగు పొడియు ఉన్నికి తగవు.

ముందుగా ఒక తెల్లని గుడ్డను తడిపి, తివాచిలోని ఒక్కొక్క రంగుపై కొంతసేపు అదిమి చూడవలయును. రంగు అంటినచో ఇంట ఉదుకవలదు. ఆ పనియందు ఆరితేరినవారికి ఈయవలయును. అంటనిచో గుప్పెడు కుంకుడుకాయల గింజలు తీసి, గోరువెచ్చని నీట నానవైచి, పిసికి, వడగట్టి, ఆ నురుగును మెత్తని గుడ్డతో ఉన్ని వాలిన దిక్కుగనే అద్దవలయును. లేతరంగులకు కుంకుడురసపు ఛాయ పట్టునేమో ఒక మూల చూచికొనుడు. పిదప చన్నీటిగుడ్డతో నురుగంతయు తీసివేసి, మరల పొడి తువ్వాళ్లతో అదుమవలయును. నూలు జంపఖానాకు మామూలు సబ్బు చెల్లును గాని, వేడినీరు వలదు.

ఆరవేయుట అన్నిటికంటె ముఖ్యము. బరువైన తివాచిని తీగపై వ్రేలాడదీసినచో మధ్య సాగి పడుగు తెగును. నులకమంచముపై పరచినచో పైనను క్రిందను గాలి ఆడును. రెండు ప్రక్కలను పంకాలు పెట్టి, కొన్ని గంటల కొకసారి తిరుగవేయుచుండవలయును. తీవ్రమైన ఎండ రంగులను వెలవెలబోవునట్లు చేయును. గాలివీచు నీడయే మేలు. ముసురు పట్టిన దినములలో కిటికీలు తెరచినచో బయటి తేమయే లోనికి వచ్చును. అట్టివేళ కిటికీలు మూసి, శీతలయంత్ర మున్నవారు దానిని నడపుట మంచిది. అడుగుభాగమును చేతివెనుకతో తాకి చూడుడు. చల్లగా తగిలినచో ఇంకను తడి కలదు. సంపూర్ణముగ ఆరినగాని నేలపై పరచరాదు. తివాచి క్రింద స్పంజివంటి పరుపు వేసియున్నచో అది ఆరుట దుర్లభము. తీసివైచి క్రొత్తది కొనుటయే లాభము.

ఆరిన తరువాత గోధుమరంగు చాయ తేలినచో, ఒక పాలు తెల్ల వెనిగరునకు నాలుగు పాళ్లు నీరు కలిపి, మూలలో పరీక్షించి, గుడ్డతో అద్దవచ్చును. వాసన యున్నచో, పొడి తివాచిపై వంటసోడా పలుచగ చల్లి, కొన్ని గంటల పిదప దులిపివేయవలయును. కొంచెముగ బూజు కనబడినచో తివాచిని ఇంటివెలుపలకు గొనిపోయి, ముక్కునకు నోటికి మాస్కు కట్టుకొని, మెత్తని కుంచెతో దులుపవలయును. ఉబ్బసముగలవారిని, పసిబిడ్డలను దరికి రానీయవలదు. బూజు చాలమేర అల్లుకొన్నచో విడిచివేయుడు. మరియొక మాట: బ్లీచింగును వెనిగరుతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును.

వానకాలమంతయు తివాచిని తీసి దాచువారు, మడతపెట్టక చుట్టచుట్టి, పాత నూలుచీరతో కప్పి, నేలకు తగులకుండ ఎత్తున పెట్టవలయును. నెలకొకసారి విప్పి గాలికి పరచినచో చిమ్మటలు చేరవు. తొట్టి గొట్టములను, ఫిల్టరు నాళములను తొలకరికి ముందే ఒకసారి చూపించుకొనుట మరువకుడు. వచ్చు మాసమున పట్టుచీరల మరకలను గూర్చి వ్రాసెదము.