రాళ్లు మనవి, పేర్లు ఎవరివి?

పినపాక మండలం జానంపేటలో ఇనుపయుగం నాటి రాతి సమాధులున్నయి. తెలంగాణ పొడుగునా ఇట్లాంటి వాటికి పడిన పేరు రాక్షస గుళ్లు. రేగొండ దగ్గర ఆదిమానవుడు బొమ్మలు గీసిన గుట్టలేమో పాండవుల గుట్టలైనయి. అంటే సమాధిలున్న మన పూర్వీకుడు రాక్షసుడు, అతను బొమ్మ గీసిన గుట్ట పాండవులది! ఇగ మనకు మిగిలిందేంది?

ఇది మన ఒక్కరి గోస కాదు. నమీబియాలోని బ్రాండ్‌బర్గ్ కొండల్లో 1918లో ఒక బొమ్మ బయటపడ్డది. ఫ్రెంచి పండితుడు బ్రూయ్ దాన్ని తెల్లదొరసానిని చేసి, మధ్యధరా తీరంతోటి చుట్టరికం కలిపిండు. తీరా చూస్తే అది తెల్లజాతిదీ కాదు, ఆడమనిషీ కాదు. నల్లోడు అంత చక్కగ గీస్తడంటే దొరలకు నమ్మబుద్ధి కాలే.

మరి అక్కడి శాన్ జనం బొమ్మల గుట్టు ఎట్ల తెలిసింది? 1870లలో కేప్‌టౌన్‌లో బ్లీక్, లాయిడ్ అనే ఇద్దరు, జైలుకు తెచ్చిన శాన్ ఖైదీల దగ్గర కూసొని వాళ్ల పురాణాలు, మంత్రగాళ్ల ముచ్చట్లు వాళ్ల భాషలనే రాసుకున్నరు. 12,000 పైచిలుకు పేజీలు! ఆ భాష మాట్లాడేటోళ్లు ఇయ్యాళ లేరు. 1981లో లూయీస్-విలియమ్స్ ఆ రాతలను డ్రాకెన్స్‌బర్గ్ కొండల బొమ్మల పక్కన పెట్టి చదివిండు. ఒక బొమ్మలో సావుకు దగ్గరైన ఈలండ్ అనే పెద్ద దుప్పి కాళ్లు మెలిపడి ఉన్నయి. దాని తోక పట్టుకున్న మనిషి కాళ్లూ అట్లనే మెలిపడ్డయి. వేట బొమ్మ అనుకున్నది శిగమూగిన మనిషి బొమ్మ అయ్యింది. బోనాల్ల శివసత్తులను చూసినోళ్లకు ఇది వింతేం కాదు. ప్రతి గీతా పూనకమే అంటే ఒప్పుకోని పండితులున్నరు, వాళ్లదీ న్యాయమే. కాని అర్థం వెతికింది ఎక్కడ? గీసినోళ్ల జాతి మాటల్ల.

మరి ఇక్కడ? కోయల పడిగెల మీద గోత్రాల కథ బొమ్మలుగ ఉంటది. డోలీలు దాన్ని పాడుతరు. కోయ చరిత్ర పాడి 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్యది జానంపేటకు పక్క మండలం మణుగూరే. 2024లో ఆయన కన్నుమూసిండు.

మనోళ్లకూ ఒక మాట చెప్పాలె. సమ్మక్క కథ కాకతీయుల కాలం నాటిది. ఆ సమాధులు అంతకన్నా వెయ్యేండ్లకు పైగా పాతవి. పాండవులను లేపి సమ్మక్కను కూసోపెడితే అదీ అబద్ధమే అయితది. ఏండ్ల లెక్క తవ్వకమే చెప్పాలె. సచ్చినోళ్లకు రాయి ఎందుకు నిలబెడతరో కోయలను అడగాలె. మేం అడిగేది ఇంతే: తవ్వకం రిపోర్టుల డోలీ చెప్పిన మాటకు, ఆయన పేరుకు చోటియ్యుండ్రి. పురావస్తు శాఖోళ్లు పార, తట్టతోపాటు ఒక రికార్డర్ గూడ పట్టుకపోవాలె, మిగిలిన డోలీలు బతికుండంగనే.