మీర్‌పేట్ విద్యార్థుల షార్ట్ ఫిల్ముల్లో మీర్‌పేట్ మనిషి కనిపించాలి

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, వాళ్ళకు చదువు చెప్తున్న సార్లూ మేడమ్‌లూ,

సాయంత్రం ఐదున్నరకు టీకేఆర్ కమాన్ దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. కాలేజీ బస్సు దిగుతున్న పిల్లలు, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కు పోయే షేర్ ఆటోలు, మిర్చి బండి చుట్టూ మూగిన జనం, ఇస్త్రీ బట్టల మూట నెత్తిన పెట్టుకొని రోడ్డు దాటే పెద్దాయన. ఇన్ని ముఖాల నడుమ బతుకుతూ మన పిల్లలు తీస్తున్న షార్ట్ ఫిల్ముల్లో, నేను చూసినంతవరకు, వీళ్ళెవరూ లేరు. హీరో బైక్ దిగుతాడు. స్లో మోషన్‌లో కళ్ళజోడు తీస్తాడు. కాఫీ షాపులో అమ్మాయిని చూస్తాడు. చివరికి చెరువు కట్ట మీద ఒంటరిగా కూర్చుంటాడు. వాళ్ళ నాన్న ఏం చేస్తాడు, ఇంటి కిరాయి ఎంత, సెమిస్టర్ ఫీజు ఎవరు కడుతున్నారు అంటే తీసినవాళ్ళ దగ్గరే జవాబు ఉండదు.

నేనూ అట్లాంటిదే తీశాను. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో నలుగురం డబ్బులు వేసుకొని కెమెరా కిరాయికి తెచ్చి రెండు రోజులు షూట్ చేశాం. ఆడిటోరియంలో వేసిన రోజు ఈలలు మోగిపోయాయి. వారం తర్వాత ఒక జూనియర్‌ని పట్టుకొని మా హీరో పేరేంటని అడిగితే గుర్తులేదన్నాడు. రూముకు పోయి స్క్రిప్ట్ తీశాను. పదకొండు పేజీల్లోనూ ‘హీరో’ అనే ఉంది. మేమే అతనికి పేరు పెట్టలేదు. ఆ రాత్రి పడ్డ బాధ ఇన్నేళ్ళయినా పోలేదు. ఈ కాగితం మీ చేతికి రావడానికి కారణం అదే.

నాలాంటి పాత విద్యార్థులం కొందరం కలిసి అడిగేది ఇది. ఈ ఏడాది మీరు తీసే ప్రతి షార్ట్ ఫిల్ముకూ ముందు ముప్పై రోజులు కెమెరా ముట్టుకోవద్దు. ఆ ముప్పై రోజులూ ప్రధాన పాత్రకే ఇవ్వండి.

పాత్ర కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మీరుండే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి దిగండి. మెట్ల కింద ఒక గది ఉంటుంది. పాలమూరు నుంచో, నల్లగొండ నుంచో వచ్చిన కుటుంబం అందులో కాపురముంటుంది. ఆ ఇంటి తల్లి పేరు యాదమ్మ అనుకుందాం. మగడు రాత్రి గేటు దగ్గర పడుకుంటాడు. పగలు నీళ్ళ మోటారు బాధ్యత ఆమెది. స్విచ్ వేసి, గోడ వెంబడి పైకి పోయే పైపు మీద అరచెయ్యి ఆనిస్తుంది. నీళ్ళు ఎక్కుతున్నాయా, మోటారు ఉత్తగా తిరుగుతోందా అన్నది చేతికే తెలిసిపోతుంది. ఉత్తగా తిరిగితే కాలిపోతుంది, కాలితే మాట పడేది ఆమె. మీ సినిమా మొదటి షాట్ ఆ అరచెయ్యి కావచ్చు. ఒక్క డైలాగు లేకుండానే ఆమె పని, ఆమె భయం, ఆమె తెలివి మూడూ చూసేవాళ్ళకు అందుతాయి.

ఇంతవరకు ఉన్నది మనిషి మాత్రమే. కథ కావాలంటే ఆ మనిషికి ఈ రోజే తీరాల్సిన అవసరం ఒకటి పడాలి. యాదమ్మ కూతురు పాలిటెక్నిక్‌లో చేరుతోంది. ఫారంలో ‘ఇంటి నంబరు’ అని ఒక గడి ఉంది. మెట్ల కింది గదికి నంబరు లేదు. మూడో అంతస్తులో 302 వాళ్ళను అడుగుదామని తల్లి మెట్లెక్కుతుంది. ఆ పిల్ల స్నేహితురాళ్ళతో తామెప్పుడూ 302లోనే ఉంటామని చెప్పుకుంటోందన్న సంగతి ఆమెకు అక్కడే తెలుస్తుంది. తల్లి కిందికి దిగి వచ్చి కూతురితో ఏమంటుంది? అసలేమైనా అంటుందా? ఆ గడిలో ఏం రాయిస్తుంది? పది నిమిషాల సినిమాకు ఇంతకన్నా అక్కర్లేదు. ఫైటు, పాట, డ్రోన్ షాట్ లేకున్నా ఇది నిలబడుతుంది.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవాళ్ళున్నారు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ కోసం దర్శకుడు వెంకటేశ్ మహా విశాఖపట్నంలోని కంచరపాలెం జనాన్నే తెర మీదికి తెచ్చాడు. అందులో ఎక్కువమంది అంతకుముందు కెమెరా ముందు నిలబడ్డవాళ్ళు కాదు. ప్రధాన పాత్ర రాజు సర్కారు ఆఫీసులో అటెండరు. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. ఈ రెండు ముక్కలు వినగానే మన బస్తీలో ఎవరో ఒకరు గుర్తొస్తారు. తరుణ్ భాస్కర్ కూడా షార్ట్ ఫిల్ములు తీసే ‘పెళ్ళిచూపులు’ దాకా వచ్చాడు. అందులో ఇంజనీరింగ్ చదివి వంట మీద మనసు పెట్టుకున్న హీరో ప్రశాంత్ మన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్న కుర్రాడే అనిపిస్తాడు. ఇరాన్‌లో అబ్బాస్ కియరొస్తామీ 1970లో తీసిన మొదటి షార్ట్ ఫిల్ములో ఉన్నది రొట్టె పట్టుకొని ఇంటికి పోతున్న ఒక పిల్లవాడు, ఒక సందు, దారికి అడ్డంగా ఒక కుక్క. పది నిమిషాల సినిమా. ఆ పిల్లవాడికి కావలసిందల్లా కుక్కను దాటి ఇల్లు చేరడం. మన గాయత్రీనగర్‌లో అట్లాంటి సందులు లేవా, కుక్కలు లేవా?

మన బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’నీ తప్పకుండా చూడండి. అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం తెచ్చిన సినిమా అది. దుస్తులు సిద్ధం చేసిన పిట్టంపల్లి సుదర్శన్‌కూ జాతీయ పురస్కారం వచ్చింది. పాత్ర కట్టుకున్న బట్టకు దేశం ఇచ్చిన గౌరవం అది. మీ యాదమ్మ చీర కొత్తగా ఇస్త్రీ చేసి ఉంటే మీ సినిమా అక్కడే అబద్ధమైపోతుంది.

ఇక భాష. టీ కొట్టు దగ్గర ‘ఏడికి పోతున్నవ్ రా’ అనే పిల్లవాడు స్క్రిప్ట్ రాయడానికి కూర్చోగానే ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అని రాస్తాడు. తెలంగాణ మాట విలన్‌కో, నవ్వించేవాడికో వదిలేస్తాడు. ఇది మాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే విషయం. మీ అమ్మ ఏ మాటల్లో కోప్పడుతుందో, ఏ మాటల్లో అన్నం పెడుతుందో ఆ మాటలే ప్రధాన పాత్ర నోట పలికించండి. మీర్‌పేట్‌లో ఖమ్మం మాటా ఉంది, శ్రీకాకుళం మాటా ఉంది, ఉర్దూ కలిసిన హైదరాబాదీ మాటా ఉంది. ఎవరి మాట వాళ్ళకు ఉండనివ్వండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. నిజమైన మనిషిని చూసి పాత్ర రాస్తున్నప్పుడు ఆ మనిషి అనుమతి అడగండి. ఎందుకు మాట్లాడుతున్నారో చెప్పండి. అసలు పేరు, ఇల్లు గుర్తుపట్టే వివరాలు మార్చండి. తీశాక మొదట ఆ మనిషికే చూపించండి. పేదరికాన్ని జాలి కోసం వాడుకోవద్దు.

ముప్పై రోజులయ్యాక ప్లానింగ్ తేలిక. స్క్రిప్టులో పేజీ అంటే దాదాపు ఒక నిమిషం, కాబట్టి పది పేజీలు దాటొద్దు. లొకేషన్లన్నీ నడిచి పోగలిగే దూరంలో పెట్టుకోండి. ఫోను కెమెరా చాలు. డబ్బులుంటే మైక్ మీద పెట్టండి, ఎందుకంటే బొమ్మ కొంచెం మసకైనా జనం ఓర్చుకుంటారు గాని మాట వినపడకపోతే లేచిపోతారు. ఇంటర్నల్స్ తేదీలు చూసుకొని రెండు రోజులు షూట్, ఒక రోజు వెసులుబాటు ఉంచుకోండి. వానాకాలంలో ఆ రోజు తప్పక పనికొస్తుంది. 2020 అక్టోబరులో మన కాలనీల్లోకి నీళ్ళు ఎట్లా వచ్చాయో మరిచిపోలేదు కదా. అప్పుడు ఆ మెట్ల కింది గదుల్లో ఉన్నవాళ్ళు ఏం చేశారో అడిగి చూడండి. అదీ ఒక సినిమానే.

కాలేజీ యాజమాన్యాలకు మా విన్నపం: ఈ నెల రోజుల పనిని ప్రాజెక్టు పనిగా లెక్కించండి. వారానికి రెండు సాయంత్రాలు ఒక గది ఇవ్వండి. షూటింగుకు అనుమతి అడగడానికి పిల్లల చేతికి కాలేజీ లెటర్ ఇవ్వండి.

మున్సిపల్ అధికారులకు, సాంస్కృతిక శాఖకు ఇంకొకటి. 2016 నుంచి రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో ‘సినివారం’ పేరుతో కొత్తవాళ్ళ సినిమాలు వేస్తూ వచ్చారు. ఎందరో కుర్రవాళ్ళకు అది మొదటి తెర అయింది. కానీ మీర్‌పేట్ పిల్లలు అక్కడికి పోవాలంటే ఎల్‌బీ నగర్ దాకా ఆటో, అక్కణ్నుంచి మెట్రో. వాళ్ళు పోతారు, యాదమ్మ పోలేదు. నెలకొక శనివారం మన కమ్యూనిటీ హాల్లో తెర కట్టండి. 2023లో ‘బలగం’ సినిమాను పల్లెల్లో జనం ఒక్కచోట చేరి, తెర కట్టుకొని చూశారు. ఊళ్ళు చేసిన పని మన బస్తీ చేయలేదా?

మేం మొదలుపెడుతున్నాం. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి మంత్రాల చెరువు కట్ట మీద కలుద్దాం. కెమెరాలు ఇంట్లో పెట్టి రండి. ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. మీ సందులో రోజూ చూస్తూ ఇంతవరకు పేరు అడగని ఒక మనిషి దగ్గరికి ఈ వారంలో పోయి, పేరు అడిగి, అందులో రాసుకొని రండి.

— మీర్‌పేట్‌లో ఉంటూ సినిమాను ప్రేమించే కొందరు పాత విద్యార్థులు