కొమ్ము సాంగ్లీకి, పోరడు దుబాయికి... ఊరికి ఏం మిగులుతది?

నిజామాబాద్‌ల పసుపు బోర్డు వచ్చింది. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు మొదలువెట్టిండ్రు. అదే ఏడు జూన్ 29న కేంద్ర హోంమంత్రి అమిత్ షా వచ్చి హెడ్డాఫీసు తెరిచిండు. మంచిదే. వద్దనేటోళ్లు ఎవలూ లేరు.

అయితే ఈ బోర్డు ఊరికెనే రాలే. 2019 పార్లమెంటు ఎన్నికలల్ల నిజామాబాద్ సీటుకు 185 మంది బరిల నిలిస్తే, అండ్ల 178 మంది రైతులే. పసుపుకు, ఎర్రజొన్నకు ధర లేదని కడుపు మండి నామినేషన్లు ఏసిండ్రు. దేశమంత ఇటు దిక్కు చూసింది. బోర్డు తెస్తనని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన సంగతి కూడా మీకు యాదికి ఉంటది. 2023 అక్టోబర్ 1న పాలమూరుల ప్రధాని ప్రకటన చేసిండు. అప్పటి నుంచి ఆఫీసు తెరిచేదాక ఇంకో ఏడాదికి పైన పట్టింది. అంటే రైతులు కొట్లాడిన నాటి నుంచి లెక్కవెడితే ఆరేండ్లు.

ఇగ ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. బోర్డు వచ్చింది, మరి మన ఊర్లకు కొలువు వచ్చిందా? ఆర్మూర్, బాల్కొండ, మెట్‌పల్లి, కోరుట్ల దిక్కు పోరగాళ్లు ఇంకా పాస్‌పోర్టు పట్టుకొని ఏజెంటు ఇంటి సుట్టే ఎందుకు తిరుగుతున్నరు?

పంపేది అంతా పచ్చి సరుకే

మన దిక్కు ఊర్లు రెండు సరుకులను బయటికి పంపుతున్నయి. ఒకటి పసుపు, రెండోది మనుషులు. రెండిటినీ పచ్చిగనే పంపుతున్నం.

పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌ల ఏస్తం, సంక్రాంతి దాటినంక తవ్వుతం. ఉడకవెడుతం, ఆరవెడుతం, పాలిష్ పడుతం. గింత కష్టం చేసి యార్డుకు తీస్కపోయి కుప్ప పోస్తం. ఆడ ఖరీదుదారు వచ్చి కొమ్ము ఇరిచి చూస్తడు, ధర చెప్తడు. తేమ ఉన్నదంటడు, తరుగు తీస్తడు. కొందరు రైతులు ఇక్కడి ధర గిట్టక లారీల ఏసుకొని మహారాష్ట్రల సాంగ్లీకి పోతరు. ఆడికి పోయినంక మన పసుపు పేరే మారిపోతది. సాంగ్లీ పసుపుకు 2018లనే జీఐ గుర్తింపు వచ్చింది. తమిళనాడుల ఈరోడ్ పసుపుకు 2019ల వచ్చింది. పండించింది మనం, పేరు మాత్రం ఇంకో ఊరిది.

పోరగాళ్ల సంగతి సుత గట్లనే ఉన్నది. ఇంటరో, ఐటీఐనో సదివి, చేతిల పక్కా పని లేకుంట, అప్పు చేసి ఏజెంటు చేతిల పైసలు పోసి దుబాయి, సౌదీ, మస్కట్ పోతున్నరు. ఆడ హెల్పర్ కింద కుదురుతరు. చేతిల పని ఉన్నోడికి ఒక జీతం, లేనోడికి ఇంకో జీతం. ఇక్కడ పసుపుకు జరిగేదే ఆడ మనిషికి జరుగుతది. గ్రేడు లేని సరుకుకు ధర ఎదుటోడే చెప్తడు.

గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇస్తమని రాష్ట్ర సర్కారు 2024ల ఉత్తర్వు తెచ్చింది. ఆ సాయం గావాల్సిందే, అది కూడా ఎన్నేండ్లో అడిగితే వచ్చింది. కని ఒక్కసారి ఆలోచించుండ్రి. మనిషి పెట్టెల వచ్చినంక ఇచ్చేదానికి లెక్క ఉన్నది. ఆ మనిషి పోకముందే ఊరిల నిలవెట్టేదానికి ఏ లెక్క ఉన్నది?

కిలోకు 116 రూపాయలు

నేను ఆర్థికశాస్త్రం కాలేజీల సదువలే. కూడిక, తీసివేత, భాగహారం వస్తే సాలు, ఈ లెక్క మీరూ చెయ్యొచ్చు.

ప్రపంచంల పండే పసుపుల 70 శాతానికి పైగా మన దేశంలనే పండుతది. 2023–24ల ఇండియా 1.62 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు బయటి దేశాలకు అమ్మింది. వచ్చిన పైసలు 22.65 కోట్ల డాలర్లు. ఇవి సర్కారు చెప్పిన అంకెలే. అప్పుడు డాలర్ ధర 83 రూపాయల దగ్గర ఉన్నది. గుణిస్తే సుమారు 1,880 కోట్ల రూపాయలు. కిలోల లెక్కన పంచితే కిలోకు 116 రూపాయలు.

సముద్రం దాటిన సరుకుకు, అండ్ల పొడి ఉన్నా, సారం ఉన్నా, అన్నీ కలిపి సగటు 116. దీని అర్థం ఏంది? మనం పంపేది ఎక్కువ శాతం కొమ్ము, పొడే. అదే పసుపుల ఉండే కర్క్యుమిన్‌ను తీసి శుద్ధి చేస్తే కిలో వేల రూపాయలల్ల అమ్ముడుపోతది. మందుల కంపెనీలు, గోలీల కంపెనీలు కొంటయి. ఆ పని ఎక్కువ కేరళ దిక్కు నడుస్తది. మసాలా సారాలు తీసే పరిశ్రమ ఆడ ఎన్నో ఏండ్ల నుంచి ఉన్నది.

2030 నాటికి పసుపు ఎగుమతిని 100 కోట్ల డాలర్లకు తీస్కపోతమని కేంద్రం చెప్తున్నది. అంటే నాలుగింతలకు పైన. పంటను నాలుగింతలు పెంచి ఆ అంకె అందుకునుడు కాని పని. కొమ్మును కొమ్ము లెక్కనే అమ్మకుంట, దానికి పని జోడించి అమ్మాలె. ఆ జోడించే పని ఏడ జరుగుతదో, కొలువులు ఆన్నే పుడుతయి. మన కొట్లాట ఇగ దాని మీద ఉండాలె.

కొలువులు ఏ మెట్టు మీద ఉన్నయి?

ఇక్కడ జర పైలంగ ఆలోచించాలె. ‘కర్క్యుమిన్ ఫ్యాక్టరీ పెట్టిస్తం, వేల ఉద్యోగాలొస్తయి’ అని ఎవలన్న మైకుల చెప్తే చప్పట్లు కొట్టకుండ్రి. మామూలు రకాలల్ల కర్క్యుమిన్ మూడు శాతం అటూఇటూ ఉంటది. అంటే కిలో సారం తీయాలంటే 30, 40 కిలోల కొమ్ములు గావాలె. మేఘాలయల లకడాంగ్ పసుపుల ఏడు శాతం దాకా ఉంటది గనుక ఆడ లెక్క వేరు. పైగా ఆ ప్లాంటు ఖరీదైంది, మిషన్లతోని నడిచేది. పైసలు ఎక్కువ, మనుషులు తక్కువ.

మనుషులకు పని ఉండేది కింది మెట్ల మీద. ఆవిరి బాయిలర్ నడిపేటోడు, పాలిష్ పట్టేటోడు, కొమ్మును మండను ఏరి గ్రేడు చేసేటోళ్లు, గోదాం చూసేటోడు, తేమ, కర్క్యుమిన్, పురుగుమందుల అవశేషాలు పరీక్ష చేసేటోళ్లు, పొడి పట్టి ప్యాకింగ్ చేసేటోళ్లు, బిల్లులు రాసేటోళ్లు, ఆన్‌లైన్‌ల ఆర్డర్లు చూసేటోళ్లు. ఇవన్నీ పదో తరగతి నుంచి డిగ్రీ దాకా సదివిన పిల్లలు చెయ్యగలిగే పనులే. ఆడపిల్లలు ఊరు ఇడిసిపోకుంట చెయ్యగలిగే పనులు.

మన ఆడబిడ్డలకు పని లేదని కాదు. ఇంటింటికి బీడీలు చుడుతరు. తునికాకు, తంబాకు కంపెనీ నుంచి వస్తది, బీడీ కంపెనీకే పోతది, వెయ్యి బీడీలకు ఇంత అని చేతిల పెడుతరు. ఇరవై ఏండ్లు చుట్టినా ఆమె బీడీలు చుట్టే ఆమెనే. పని ఉన్నది, ఎదిగే తొవ్వ లేదు. పసుపుల కూడా గసొంటి పనే వస్తే మనకు కొత్తగ ఒరిగేది ఏం లేదు. అందుకే కొలువు అన్నప్పుడు అండ్ల నేర్చుకునేది ఏంది, ఎదిగేది ఎట్ల అని కూడా అడగాలె.

ఫ్యాక్టరీ వస్తే సాలునా?

సాలదు. మన జిల్లా కన్నా బాగ ఈ సంగతి ఎవలికి తెలుసు! బోధన్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ నిజాం కాలంల కట్టింది. ఆసియాలనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీలల్ల ఒకటని పేరు. దాని సుట్టు శక్కర్‌నగర్ అని ఊరే లేచింది. బడి, దవాఖాన, క్వార్టర్లు, చెరుకు రైలు. 2002ల ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌ల లే-ఆఫ్ అని బోర్డు పెట్టిండ్రు. బోధన్, ముత్యంపేట, మంభోజిపల్లి మూడూ మూతవడ్డయి. చెరుకు రైతు పంట మార్చుకున్నడు, కార్మికుడు రోడ్డు మీద పడ్డడు. తెరిపిస్తమని ప్రతి ఎన్నికల చెప్తనే ఉన్నరు. అమ్ముడు, మూసుడు గురించి తీర్మానం జేసినప్పుడు చెరుకు రైతునూ, కార్మికునూ అడిగినోడు లేడు. ఎందుకంటే ఆ ఫ్యాక్టరీల వాళ్లకు చెమట ఉన్నది గని వాటా లేదు.

ఇగ రెండో బొమ్మ చూడుండ్రి. భీమదేవరపల్లి మండలం ముల్కనూరు. 1956ల అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి రైతులను కూడగట్టి సహకార సంఘం పెట్టిండు. అప్పు ఇచ్చుడు, ఎరువు ఇచ్చుడు, పంట కొనుడు, బియ్యం పట్టుడు, విత్తనం తయారు చేసుడు అన్నీ సంఘమే. డెబ్బై ఏండ్లు దగ్గర పడుతున్నా నడుస్తనే ఉన్నది. ఆ నీడల 2002ల ఆడోళ్లు సొంతంగ పాల డెయిరీ పెట్టిండ్రు. స్వకృషి పాల ప్యాకెట్ మీరు చూసే ఉంటరు. వేల మంది పాడి మహిళలు దానికి యజమానులు. లాభం వస్తే వాళ్లకే బోనస్. ఆ డెయిరీని ఎత్తుకపోయి ఇంకో రాష్ట్రంల పెట్టుడు ఎవలి తరం కాదు.

మూడోది మన ఆర్మూర్ పక్కపొంటి అంకాపూర్. హైదరాబాదోళ్లకు అంకాపూర్ అంటే నాటుకోడి కూరనే. అసలు కథ విత్తనంల ఉన్నది. పంట కోసి అమ్ముకునుడుతోని ఆగకుంట ఎర్రజొన్న, సజ్జ విత్తనాలు పండించుడు, ఊర్లనే శుద్ధి చేసుడు, ప్యాక్ చేసుడు నేర్చుకున్నరు. పక్క ఊర్లకున్న నేల, నీళ్లే వాళ్లకూ ఉన్నయి. ఇప్పుడు ఆ ఊరికే బయటి నుంచి కూలికి వస్తున్నరు.

ఈ మూడు బొమ్మలు పక్కపక్కన పెడితే తేడా మీకే కనవడుతది. కొలువు ఊరిల నిలవాలంటే పని ఊరిల జరగాలె, పనితనం ఊరోళ్లకు రావాలె, వాటా ఊరోళ్ల పేరు మీద ఉండాలె. మూడిట్ల ఏ ఒక్కటి తక్కువైనా అది శక్కర్‌నగర్ తొవ్వ పడుతది.

బయటి దేశాలల్ల సుత గిదే అనుభవం. జపాన్‌ల ఓయిటా దిక్కు ఓయామా అని గుట్టల ఊరు. 1961ల, సర్కారు వరి పండించుమంటున్న కాలంల, వాళ్లు మా నేలకు వరి గిట్టదని రేగుపండు తీరు ఉండే ఉమె పండ్లు, చెస్ట్‌నట్ చెట్లు పెట్టుకున్నరు. తర్వాత ఆ పండ్లను ఊర్లనే నిల్వ పచ్చడి పెట్టి అమ్మిండ్రు. 1979ల అక్కడి గవర్నర్ హిరమత్సు మొరిహికో దాన్ని చూసి ‘ఊరికి ఒక ఉత్పత్తి’ అని జిల్లా అంతట నడిపిండు. 2001ల థాయిలాండ్ అదే పద్ధతి ఎత్తుకున్నది. ఇప్పుడు మన దగ్గర ‘ఒక జిల్లా ఒక ఉత్పత్తి’ అంటున్నది దాని చుట్టమే. తేడా ఏందంటే, ఓయామాల ఊరు ముందు కదిలింది, సర్కారు ఎనుక వచ్చింది. మన కాడ లిస్టు ముందు వచ్చింది, ఊరు ఇంకా కదలలే.

ఇగ మనం చెయ్యాల్సింది

2020ల కేంద్రం పీఎంఎఫ్‌ఎంఈ అని చిన్న ఆహార పరిశ్రమల పథకం తెచ్చింది. మొత్తం 10,000 కోట్లు. యూనిట్ పెట్టేటోళ్లకు ఖర్చుల 35 శాతం, 10 లక్షలకు మించకుంట సబ్సిడీ. మహిళా సంఘం సభ్యురాలికి పెట్టుబడి కింద 40,000 దాకా. రైతు ఉత్పత్తి సంఘాలకు, సహకార సంఘాలకు బ్రాండింగ్ ఖర్చుల సగం. కాగితం మీద మంచిగనే ఉన్నది. గొళ్లెం మాత్రం బ్యాంకు కాడ ఉన్నది. సబ్సిడీ రావాలంటే ముందు లోన్ రావాలె. భూమి అయ్య పేరు మీద, అప్పు కొడుకు పేరు మీద ఉన్న ఇంటికి మేనేజర్ తొందరగ సంతకం పెట్టడు.

అందుకే ఒక్కొక్కలు పోకుండ్రి, పదిమంది కలిసి పోండ్రి. మీ మండలంల రైతు ఉత్పత్తి సంఘం ఉంటే అండ్ల సభ్యులు ఎవలు, లెక్కలు ఎవలు చూస్తున్నరు, మీటింగు ఎన్నడు పెట్టిండ్రు అడుగుండ్రి. చాన సంఘాలు బోర్డు, రబ్బరు ముద్ర వరకే ఉన్నయి. వాటిని బతికించేది సదువుకున్న పిల్లలే.

పసుపు బోర్డును అడగాల్సినవి ఇంకా ఉన్నయి. పసుపు పండే ప్రతి మండలంల రైతు కాళ్ల దూరంల పరీక్ష కేంద్రం ఎన్నడు పెడుతరు? కొమ్ము ఇరిచి కంటితో చూసి చెప్పే ధరకు బదులు, కర్క్యుమిన్ శాతం మీద ధర కట్టే పద్ధతి యార్డుల ఎన్నడు వస్తది? ఎండిన పసుపు ఏడాది నిల్వ ఉంటది. గోదాంల పెట్టిన సరుకు మీద రైతుకు అప్పు పుట్టేటట్టు చేస్తే, తవ్విన నెలలనే తెగనమ్ముకునే గతి తప్పుతది. పసుపుకు మద్దతు ధర లేదు. ఒక ఏడు క్వింటాల్ ఐదారు వేలకు పడిపోతది, ఇంకో ఏడు పదిహేను వేలకు ఎగురుతది. ఈ ఊగుడుల ఏ పిల్లగాడు ధైర్యం చేసి యూనిట్ పెడుతడు? మద్దతు ధర ముచ్చట రైతుదే అనుకోకుండ్రి, అది మీ కొలువు ముచ్చట సుత.

గల్ఫ్ పోయేటోళ్లను పోవద్దని నేను చెప్ప. ఇంట్ల అప్పు ఉన్నోడికి నీతులు చెప్పుడు తప్పు. పోవాలనుకున్నోడు పని నేర్చుకొని, చేతిల సర్టిఫికెట్ పట్టుకొని పోవాలె. ఉండాలనుకున్నోడికి ఊర్ల ఉండే తొవ్వ ఉండాలె. ఇయ్యాల మన పిల్లలకు ఈ రెండూ లేవు.

178 మంది రైతులు నామినేషన్ ఏసిననాడు వాళ్లకు గెలుస్తమన్న ఆశ లేదు. అడగకపోతే అడ్డికి పావుశేరు అమ్ముడుపోతమని మాత్రం తెలుసు. వాళ్లు బోర్డు అడిగిండ్రు, ఆరేండ్లకు వచ్చింది. ఆ బోర్డు కింద పని అడిగేది ఇగ వాళ్ల బిడ్డల వంతు. వచ్చే గ్రామసభల మైకు మీ చేతికి రాకపోయినా లేచి నిలవడుండ్రి. మా మండలంల పరీక్ష కేంద్రం ఏది, మా సంఘం లెక్కలేవి, అండ్ల మా వాటా ఎంత అని అడుగుండ్రి. జవాబు రాకుంటే రాతపూర్వకంగ అడుగుండ్రి, సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతులనే ఉన్నది.