బండ ఉచితం... భరోసా ఎంత?

‘మన సముద్రం నిండా గ్యాసే కదా, మనకేం లోటు?’ శృంగవరపుకోటలో నలుగురు చేరిన చోట గ్యాస్ మాటెత్తితే ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. సబబైన ప్రశ్నే. జవాబే అంత తేలిక కాదు!

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. కాకినాడ తీరంలో దొరికేది సహజవాయువు, అంటే ప్రధానంగా మీథేన్. వంటింటి బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం... ఎల్పీజీ. మొదటిది గొట్టాల్లో వెళ్లి ఎక్కువగా ఎరువులకూ కరెంటుకూ పనికొస్తుంది. రెండోది అన్నం వండుతుంది. ప్రభుత్వం వేయాల్సిన లెక్క మాత్రం రెండింటికీ ఒకటే. కరువొస్తే ముందు ఎవరికి? ఎన్నాళ్లకు సరిపడా దాచాం?

మొదటి ప్రశ్న విలువ మనకు కేజీ బేసిన్ నేర్పింది. 2002లో డీ6 బ్లాకులో గ్యాస్ బయటపడింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందనుకుంటే, 2010లో 6 కోట్ల దాకా వచ్చి, ఆపై జారిపోయింది. కేంద్ర మంత్రుల బృందం అప్పటికే వరుస పెట్టింది: ముందు ఎరువులు, తర్వాత ఎల్పీజీ ప్లాంట్లు, ఆ తర్వాతే విద్యుత్తు. దాంతో 2013 మార్చి నాటికి విద్యుత్ కేంద్రాలకు డీ6 గ్యాస్ సున్నా! గోదావరి, కృష్ణా జిల్లాల్లో వేల కోట్లతో కట్టిన ప్లాంట్లు గ్యాస్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి. పెరట్లో బావి ఉన్నా, చేద ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి.

ఇక రెండో ప్రశ్న. కోటకు సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, విశాఖలో, నేల అడుగున రాతిని తొలిచి 2007లో ఎల్పీజీ నిల్వ గుహను సిద్ధం చేశారు. చుట్టూ రాతి పొరల్లోని నీటి ఒత్తిడే గ్యాస్‌ను బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. దాని సామర్థ్యం 60 వేల టన్నులు. అంటే 42 లక్షల బండలు! వినడానికి ఘనంగానే ఉంది. కానీ 2023-24 లెక్కన దేశం రోజుకు వాడింది 80 వేల టన్నుల పైమాటే. గుహ మొత్తం ఖాళీ చేసినా ఒక్క రోజుకు చాలదు. 2025లో మంగళూరులో సిద్ధమైన 80 వేల టన్నుల గుహను కలిపినా రెండు రోజులు నిండవు. మనం వాడే ఎల్పీజీలో 60 శాతం దిగుమతే. అందులోనూ అధిక భాగం గల్ఫ్ నుంచి వచ్చేదే.

ముడిచమురు సంగతి వేరు. అత్యవసర నిల్వ కోసం 2015లో విశాఖలోనే 13.3 లక్షల టన్నుల గుహ సిద్ధమైంది. అన్నం వండే గ్యాస్‌కు ఆ పాటి శ్రద్ధ అక్కర్లేదా?

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పల్లెల్లో పొయ్యిలు మార్చాయి. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం-2 మొదలైంది... ఏడాదికి మూడు బండలు ఉచితం. మంచిదే. కానీ బండకు డబ్బు కట్టడం ఒకటి, బండ దొరికేలా చూడటం మరొకటి. అనంతగిరి కొండల దిగువ పల్లెల్లో కట్టెల మోపు దించుకున్న ఆడవాళ్లకు, దాన్ని మళ్లీ ఎత్తుకునే అవసరం రాకూడదు. ఉచితానికి బడ్జెట్‌లో పద్దు రాసినట్టే, నిల్వకూ ఒక పద్దు రాయాలి. ఎన్ని రోజులకు సరిపడా ఉందో ఏటా జనానికి చెప్పాలి.