ఫారాలతో షుగరు తగ్గదు!



షుగరు కూర్చుని తినేవాళ్ళ జబ్బని అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. 1948 నుంచి మన బాబాసాహెబ్‌ని పీడించింది ఈ జబ్బే. ఆయన ఏనాడు కూర్చుని తిన్నాడు? బందరు, గుడివాడ, దివిసీమ పేటల్లో పొద్దస్తమానం ఊడ్పులూ కలుపులూ చేసే మనోళ్ళకీ ఇది వస్తోంది.

అయితే మేడలో షుగరు వేరు, పేటలో షుగరు వేరు. మేడలో పరీక్ష మిషను ఉంటుంది, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటుంది. మనకి ఆసుపత్రికి పోతే కూలి పోద్ది, పోకపోతే మాత్రలు ఆగిపోతాయి. అరికాలు మొద్దుబారితే తుమ్మముల్లు దిగినా తెలియదు. పుండు కుళ్ళి ఆఖరికి కాలు తీసేస్తారు. ఊరందరికీ చెప్పులు కుట్టిన జాతి కాళ్ళు పోగొట్టుకోవటం ఏం న్యాయం?

నెలకు రెండుసార్లు డాక్టరు పల్లెకు వస్తాడని 2023లో ఫ్యామిలీ డాక్టరు పథకం పెట్టారు. మంచిదే. మిగతా రోజులు పేటలో ఉండేదెవరు? ఆశా. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళ పేరూ, నడుం కొలతా ఫారంలో రాసేది ఆమే. రాశాక ఆమె చేతిలో ఏముంది?

పశ్చిమ గోదావరి పల్లెల్లో బీపీ, గుండెజబ్బుల మీద ఆశాలతో ఒక పరిశోధన చేశారు. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆశా చెబితే జనం డాక్టరు దగ్గరికి వెళ్ళటం పెరిగింది. బీపీ అదుపులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాకర్థమైంది ఇదీ: దారి చూపితే చాలదు, దారి చివర మందు ఉండాలి.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డిచ్చింది. ఇక్కడ మాత్రం 2005లో పథకం పుట్టిన నాటినుంచీ ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. ఇచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. గౌరవం మాటలో, చాకిరీ ఒంటిమీద. పేరు మారిస్తే వెట్టి వెట్టి కాకుండా పోద్దా?

మేము అడుగుతున్నాం:

ఒకటి, ప్రతి ఆశాకీ షుగరు మిషను, దానికి ఎప్పుడూ అయిపోకుండా పట్టీలు.

రెండు, డాక్టరు రాసిన మందులు నెలనెలా ఇంటికే.

మూడు, పాదాల పరీక్షలో శిక్షణ, పుండు కనిపిస్తే వెంటనే చూసే డాక్టరు.

నాలుగు, ఆశాకి ఉద్యోగ హోదా, జీతం.

ఈలోగా మనం చెయ్యాల్సిందీ ఉంది. రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. గ్రామసభలో ఒక్కడు లేస్తే కూర్చోబెడతారు. పేట మొత్తం లేవాలి!

జై భీమ్!