మాస్కిచ్చి కూలి ఎగ్గొడితే అది రక్షణా?

తెర మీద హీరో ఒక్కడే కనిపిస్తాడు. తెర వెనక లైట్లు మోసేవాళ్లు, సెట్లు వేసేవాళ్లు, వంటపాత్రలు తోమేవాళ్లు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు ఎందరో. విశాఖ బీచ్‌కి షూటింగొచ్చిందంటే మన వన్ టౌన్ పేటల కుర్రాళ్లూ ఆ పనులకు పోతారు. కరోనాలో వీళ్ల గతేమిటని అడిగినవాళ్లు తక్కువ. రేపు మళ్లీ అలాంటి రోగమొస్తే ఏం చెయ్యాలో ఇప్పుడే తేలాలి.

2020 మార్చిలో షూటింగులు ఆగాయి. రోజుకూలి సినీ కార్మికుల పొయ్యి ఆరింది. చిరంజీవి ముందుండి పెట్టిన కరోనా క్రైసిస్ చారిటీ వాళ్లకు సరుకులు పంచింది. ఆకలి వేళ ఆదుకున్నవాళ్లను మేం తప్పుపట్టం. కానీ దానం వేరు, హక్కు వేరు. దానం ఇచ్చేవాడి దయ. హక్కు మనం అడిగి తీసుకునేది.

జూన్‌లో షూటింగులకు మళ్లీ అనుమతులొచ్చాయి. ఆగస్టు 23న కేంద్ర సమాచార ప్రసార శాఖ నిబంధనలు ప్రకటించింది. ఆరడుగుల దూరం, ఒంటి వేడి చూడటం, కెమెరా ముందున్న నటులకు తప్ప అందరికీ మాస్కు, ఒకరి దుస్తులు, విగ్గులు మరొకరు వాడటం తగ్గించడం. మంచిదే. దూరం అనే మాట వింటే మనకు మండుతుంది, తరతరాలుగా ఊరు మనల్ని దూరం పెట్టింది గనక. అయినా రోగానికి పెట్టే దూరం వేరు. అది అందరూ పాటించాల్సిందే. మేం అడిగేది ఒక్కటే: ఒళ్లు వేడిగా ఉందని గేటు దగ్గర వెనక్కి పంపిన లైట్‌మన్‌కి ఆ రోజు కూలి ఎవరిస్తారు?

అసలు ముడి ఇక్కడుంది. కూలి పోతుందంటే జ్వరం బిళ్ల మింగైనా పనికెళ్తాడు. రోగం యూనిట్ అంతా పాకుతుంది. 2020 డిసెంబరులో రామోజీ ఫిల్మ్ సిటీలో రజనీకాంత్ ‘అణ్ణాత్తే’ యూనిట్‌లో కొందరికి కరోనా తేలితే షూటింగే ఆగింది. అంత పెద్ద సినిమాకే తప్పలేదు. ఇక ఇంటికొస్తే వన్ టౌన్ సందులో ఒక్క గది, ఆరుగురు మనుషులు. విడిగా పడుకోమంటే ఎక్కడ పడుకోవాల?

2020 సెప్టెంబరులో అమెరికా హాలీవుడ్ యూనియన్లు నిర్మాణ కంపెనీలతో ఒప్పందం రాయించుకున్నాయి. తరచూ పరీక్షలు, ఎవరు ఎవరితో కలవాలో విభజన, కరోనా సెలవుకి 10 రోజుల దాకా జీతం. కంపెనీల దయ వల్ల కాదు, యూనియన్లు పట్టుబట్టడం వల్ల వచ్చింది.

ఒంటరిగా అడిగితే ఏమవుతుందో మనకు తెలుసు. నర్సీపట్నం ఏరియా ఆస్పత్రి మత్తు డాక్టరు సుధాకర్, మన దళిత బిడ్డ, మాస్కులు చాలడం లేదని బయటికి చెప్పాక 2020 ఏప్రిల్‌లో సస్పెండయ్యాడు. మరుసటేడు మే నెలలో చనిపోయాడు. డాక్టరుకే ఆ గతి పడితే లైట్లు మోసే కుర్రాడు ఒక్కడే అడగగలడా?

కాబట్టి సంఘంగా అడగాలి:

1. జ్వరమని ఆపిన రోజులకు పూర్తి కూలి.

2. పరీక్ష, మందు, విడి గది ఖర్చు నిర్మాతదే.

3. ఊరు కాని ఊళ్లో తీసుకున్న రోజుకూలీలకూ ఇవే హక్కులు.

4. జాగ్రత్తలు లేవని చెప్పినవాణ్ణి పనిలోంచి తీసేయకూడదు.

ఇవి కూలి ఒప్పందంలోనే ఉండాలి. షూటింగులకే కాదు, మన జాతరల్లో దప్పు కొట్టేవాళ్లకు, మైకుసెట్టు, షామియానా కుర్రాళ్లకూ ఇదే న్యాయం. రోగం వచ్చాక మొరపెట్టుకుంటే సరుకుల సంచీ వస్తుంది. రాకముందే సంఘం కడితే హక్కొస్తుంది. పేటపేటలో ఈ మాట మాట్లాడండి!